సాక్ష్యం చెప్పబోతే నోరు పెగలడం లేదా? ఎక్కడ ఆగుతోందో చూసుకోండి

ఆదివారం మందిరంలో చప్పట్లు కొట్టి పాడతాం. సోమవారం శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో స్నేహితుడు కనిపించి "నిన్న ఫోన్ ఎత్తలేదేటి?" అంటే "పనిలో ఉన్నాన్రా" అని తప్పించుకుంటాం. మందిరంలో ఉన్నానని, యేసు నాకేం చేశాడో చెప్పడానికి, అంటే సాక్ష్యం చెప్పడానికి, నోరు రాదు. ఇలాంటి వాళ్లందరికీ సాధారణంగా దొరికే సలహా ఒకటే: ధైర్యం కోసం ప్రార్థన చేసుకోండి. ప్రార్థన కావాల్సిందే. కానీ పైకి కనిపించే జ్వరం ఒకటే అయినా మలేరియాకు ఒక మందు, టైఫాయిడ్‌కు ఇంకో మందు. మన మౌనానికి కూడా కారణాలు వేరువేరు. మీది ఏదో ముందు తేల్చుకోండి.

లక్షణం: కొత్తవాళ్లతో మాట్లాడగలరు. బంధువులు, పక్కింటివాళ్ల దగ్గరే మాట రాదు.

ఎక్కువమందికి ఉన్నది ఇదే. కారణం పిరికితనం అనుకోకండి. బంధం తెగిపోతుందన్న బెంగ అది. మన ఊళ్లలో "వాళ్లు (క్రైస్తవుల్లో) కలిసిపోయారు" అంటే అర్థం ఏంటో అందరికీ తెలుసు: ఇక పండక్కి రారు, సంబరాలకు చందా ఇవ్వరు, పెళ్లిలో అక్షింతలు వెయ్యరు. కొత్తగా నమ్ముకున్నవాళ్లలో కొందరు నిజంగానే అలా ముడుచుకుపోయారు. అది చూసినవాళ్లకు యేసు గురించి మీరు ఏం చెప్పినా "మమ్మల్ని వదిలేసి రా" అన్నట్టే వినిపిస్తుంది.

కాబట్టి మాటకంటే ముందు రాకపోకలు బాగుచేసుకోవాలి. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ఆ రోజు ఊళ్లో చుట్టాలు లేని ఇల్లు ఉండదు. పక్కింటి వదిన ప్రసాదం ప్లేటు పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది. కొందరు తలుపు వేసుకుని లేనట్టు ఉంటారు. కొందరు తీసుకుని వెనక నుంచి పారేస్తారు. రెండోది మరీ అన్యాయం. ఎదురుగా నిలబడి చెప్పండి: "వదినా, ప్రసాదం నేను తీసుకోను, ఏమీ అనుకోకు. లోపలికి రా, కూర్చో. మీ ఇంటికి చుట్టాలు చాలామంది వచ్చినట్టున్నారు, మంచాలు చాలకపోతే మావి పట్టుకెళ్లు." ఆ సాయంత్రం మంచాలు మీరే మోసుకెళ్లి ఇవ్వండి. ఎందుకు తీసుకోవని ఆవిడ అప్పుడే అడగొచ్చు, ఆర్నెల్ల తర్వాత అడగొచ్చు. అడిగిన రోజు చెప్పేది ఆవిడ చెవికెక్కుతుంది. మొదటి పేతురు 3:15 కూడా అడిగినవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమంటుంది, అదీ సాత్వికంతో.

పక్కింటివాళ్లకు చీటీ డబ్బులు బాకీ ఉన్నా, మీ ప్రార్థన కూటం మైకు వల్ల వాళ్ల పిల్లలు పరీక్షలకు చదువుకోలేకపోతున్నా, ముందు బాకీ తీర్చండి, మైకు ఆపండి. సాక్ష్యం సంగతి తర్వాత.

లక్షణం: "మతం మారడానికి డబ్బులెంత ఇచ్చారేటి?" అనగానే మొహం మాడిపోతుంది.

ఈ అనుమానం నిన్న పుట్టింది కాదు. లండన్ మిషనరీలు 1805లోనే విశాఖపట్నం వచ్చారు, తర్వాత బొబ్బిలి, శ్రీకాకుళం వైపు కెనడా బాప్టిస్టులు పనిచేశారు. బడులు, ఆసుపత్రులు విదేశీ డబ్బుతో కట్టినవే, దాచాల్సిన పని లేదు. అయితే ఈ విశ్వాసం మన నేల మీద మన నోటితో పాడుకున్నది కూడా. మందిరాల్లో నేటికీ పాడుకునే ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి దగ్గర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు.

కోపం తెచ్చుకోకుండా ఉన్నది చెప్పండి: "ఎవరూ ఇవ్వలేదు మామయ్యా, ఆదివారం కానుక నేనే వేస్తున్నాను." ఒక జాగ్రత్త మాత్రం చాలా ముఖ్యం. తుపానుకు బియ్యం పంచినా, పిల్లాడి ఫీజు కట్టినా, ఆ సాయాన్ని సువార్తకు ముడిపెట్టకండి. ముడిపెట్టిన రోజు మామయ్య అనుమానం నిజమైపోతుంది.

లక్షణం: కేసు పెడతారేమోనని టెన్షన్.

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు కూడా ఇచ్చింది, శాంతిభద్రతలకు లోబడి. ఆ హక్కులో ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. అంటే మీకు తెలిసింది చెప్పొచ్చు, నిర్ణయం వాళ్లది. యేసు చేసిందీ అంతకంటే ఎక్కువ కాదు. ప్రభుత్వం నోటిఫై చేసిన ఆరాధనా స్థలాల్లో ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. చట్టం మాట ఎలా ఉన్నా, రథసప్తమికి అరసవల్లి క్యూలో నిలబడ్డ మనిషి చేతిలో కరపత్రం పెట్టడం అమర్యాద. పాతపట్నం, ఇచ్ఛాపురం వాళ్లు సరిహద్దు దాటితే ఒడిశాలో 1967 నుంచే బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడాన్ని నిషేధించే చట్టం ఉందని గుర్తుంచుకోవాలి.

లక్షణం: మందిరానికి వస్తారు, బయట ఎవరికీ తెలియనివ్వరు.

చాలా ఇళ్లలో అసలు కారణం కుల సర్టిఫికెట్. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు ఆంధ్రలో బీసీ-సీ కిందికి వస్తారు. పిల్లల సీటు, ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంటే నోరు మూతపడక ఏం చేస్తుంది? వీళ్లను వేదిక మీద నుంచి పిరికివాళ్లని అనడం నాకు బాధగా ఉంటుంది. ఈ నియమం అన్యాయమని నేనూ అనుకుంటాను. కానీ కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి అయితే సాక్ష్యం గొంతులోనే ఉండిపోతుంది. తెలిసిన లాయరును కలవండి, భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కూర్చుని ఏం వదులుకోగలరో మాట్లాడుకోండి. ఎస్టీల ఉత్తర్వులో మాత్రం మతం షరతు లేదు. సవర, జాతాపు విశ్వాసుల్లో ఈ భయం ఉంటే ఆ సంగతి వాళ్లకు చెప్పండి.

లక్షణం: రోగి పక్కన కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. పలాసలో డయాలసిస్ అయ్యి చేతికి ప్లాస్టర్‌తో పడుకున్న చిన్నాన్నకు "నమ్ముకో, డయాలసిస్ అక్కర్లేదు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఆ మాట నమ్మి ఒకట్రెండు సార్లు మానేసినా ప్రాణం మీదికి రావచ్చు. వెళ్లి మంచినీళ్లు ఎంత తాగమన్నారో అడగండి, ఆటో మాట్లాడండి. తర్వాత "చిన్నాన్నా, నీ కోసం ప్రార్థన చెయ్యనా?" అని అడగండి. వద్దంటే ఇంటికెళ్లి చేసుకోండి. ఊ అంటే చిన్న ప్రార్థన, మామూలు మాటల్లో, పక్క బెడ్‌వాళ్లకు ఇబ్బంది లేకుండా.

లక్షణం: ప్రశ్న అడిగితే జవాబు రాదు.

యోహాను సువార్త 9లో యేసు చూపునిచ్చిన గుడ్డివాడికీ జవాబులు తెలియవు. తనకు జరిగింది చెప్పాడు. "తెలీదు, కనుక్కుని చెప్తాను" అనండి, నిజంగానే కనుక్కుని చెప్పండి.

లక్షణం: ఒకసారి చెప్పారు, వాళ్లు నవ్వారు. ఇక చెప్పబుద్ధి కావడం లేదు.

యేసు సొంత తమ్ముళ్లే మొదట ఆయన్ని నమ్మలేదు, యోహాను 7:5 చూడండి. చెప్పినదాన్నే మళ్లీ మళ్లీ చెప్పకండి. ఈసారి కలిసినప్పుడు వాళ్ల జీడితోట ఎలా ఉందో, అమ్మాయి సంబంధం ఎంతవరకు వచ్చిందో అడిగి, చెప్పింది పూర్తిగా విని రండి.