కొత్త ప్రాసెసర్‌కు యూ-బూట్ మద్దతు చేర్చడం: రీసెట్ నుంచి ప్రాంప్ట్ దాకా

ప్రాసెసర్ తయారీదారు ఇచ్చిన ఎవాల్యుయేషన్ బోర్డు మీద లినక్స్‌ను నడిపించడం చాలామందికి చేతనైన పనే. అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సు పూర్తిచేసినవారు కూడా కెర్నల్‌ను కంపైల్ చేసి, ఎస్‌డీ కార్డుకు ఎక్కించి, లాగిన్ ప్రాంప్ట్ చూపించగలరు. అయితే చర్లపల్లి, కుషాయిగూడ వైపు సొంతంగా బోర్డులు తయారుచేసుకునే చిన్న సంస్థలు ఒక కొత్త ప్రాసెసర్‌ను ఎంచుకుని, దానికి యూ-బూట్‌లో (బోర్డును లేపి, కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చి నడిపించే బూట్‌లోడర్‌లో) ఇంకా మద్దతు లేదని తెలుసుకున్నప్పుడు, పని ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఇంజనీర్లు ఆగిపోవడం నేను చూశాను. ఆ మొదలు ఎక్కడో, తర్వాత ఏ క్రమంలో సాగాలో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలు ఆర్మ్ ప్రాసెసర్లవి. రిస్క్-ఫైవ్‌లో పేర్లు మారతాయి గాని పద్ధతి మారదు.

బూట్‌లోడర్ రాసేవారు అడుగడుగునా తమను తాము వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ క్షణాన నా కోడు ఏ మెమరీలో ఉంది, స్టాక్ ఎక్కడ ఉంది, ఏ క్లాక్ నడుస్తోంది? అప్లికేషన్ రాసేవారికి ఈ మూడూ ముందే సమకూరి ఉంటాయి. మనం ఒక్కొక్కటే సమకూర్చుకోవాలి. సమకూరకముందే దానిమీద ఆధారపడిన కోడు రాస్తే బోర్డు మౌనంగా ఉండిపోతుంది, ఎందుకు ఆగిందో చెప్పే సాధనం కూడా అప్పటికి ఉండదు.

బూట్ రోమ్ ఏమి ఆశిస్తుంది

రిఫరెన్స్ మాన్యువల్‌లో అన్నిటికంటే ముందు చదవవలసింది బూట్ రోమ్ అధ్యాయం. రీసెట్ తర్వాత నడిచే మొదటి కోడు చిప్పులోనే చెక్కి ఉంటుంది. దాన్ని మార్చలేం గనుక దాని నియమాలకు మనమే ఒదగాలి. ఆల్‌విన్నర్ చిప్పుల రోమ్ ఎస్‌డీ కార్డులో 8 కిలోబైట్ల దగ్గర మన కోడు కోసం వెతుకుతుంది. రాక్‌చిప్‌లో అది 64వ సెక్టరు, అంటే 32 కిలోబైట్ల దగ్గర. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఏఎం335ఎక్స్ అయితే ఫ్యాట్ విభజనలో ఎంఎల్ఓ అనే పేరుగల ఫైలును కూడా అంగీకరిస్తుంది. వీటితోపాటు ఇమేజికి ముందు ఏ హెడర్ ఉండాలో, చెక్‌సమ్ ఎలా లెక్కించాలో కూడా రోమ్ నిర్ణయిస్తుంది. ఆ హెడర్‌ను తగిలించే పని యూ-బూట్‌లోని ఎంకేఇమేజ్ ఉపకరణానిది. మీ చిప్పు హెడర్ కొత్తదైతే, మిగతా పనికంటే ముందు దాన్ని ఆ ఉపకరణంలో చేర్చాలి.

రోమ్ మన కోడును సాధారణంగా బయటి డీడీఆర్ అనే ప్రధాన మెమరీలోకి దింపలేదు, ఎందుకంటే డీడీఆర్ అప్పటికి మేల్కొని ఉండదు. చిప్పు లోపలి చిన్న ఎస్‌ర్యామ్‌లోకే దింపుతుంది. ఏఎం335ఎక్స్‌లో ఆ ఇమేజి పరిమితి 109 కిలోబైట్లు. ఆల్‌విన్నర్ చిప్పులు చాలావాటిలో 32 కిలోబైట్లే. పూర్తి యూ-బూట్ అందులో పట్టదు గనుక ఎస్‌పీఎల్ అనే చిన్న భాగాన్ని విడిగా నిర్మిస్తాము. ఎస్‌ర్యామ్ పటాన్ని కాగితం మీద గీసుకోండి: రోమ్ తన సొంత డేటాకు వాడుకునే చోటు ఏది, మన కోడు ఎక్కడ దిగుతుంది, స్టాక్ పైనుంచి ఎంత కిందికి దిగగలదు, మాలాక్ ప్రాంతానికి (నడుస్తుండగా కోడు అడిగి తీసుకునే మెమరీకి) ఎంత మిగులుతుంది. ఈ నాలుగు గీతలు ఒకదానిమీద ఒకటి పడకుండా చూసుకున్న తర్వాతే కేకాన్ఫిగ్ అనే ఎంపికల వ్యవస్థలో టెక్స్ట్ బేస్ (కోడు మొదలయ్యే చిరునామా), తొలి స్టాక్ చిరునామా, ఎస్‌పీఎల్ గరిష్ఠ పరిమాణం రాయండి.

పనిముట్లు, మొదటి అక్షరం

సీరియల్ కేబులు కొనేటప్పుడు వోల్టేజి చూసి కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే యూఎస్‌బీ-సీరియల్ మాడ్యూళ్లలో 5 వోల్టులవీ, 3.3 వోల్టులవీ కలిసే ఉంటాయి. కొత్త ప్రాసెసర్లు కొన్నిటి పిన్నులు 1.8 వోల్టులే భరిస్తాయి. స్కీమాటిక్‌లో ఆ పిన్నుల సమూహానికి వెళ్లే సరఫరా ఎంతో చూడకుండా తీగ తగిలించవద్దు. వీలైతే ప్రాసెసర్‌ను బయటినుంచి ఆపి పరిశీలించే జేట్యాగ్ ప్రోబ్ కూడా సమకూర్చుకోండి. బోర్డు ఇంకా చేతికి రాకపోతే ప్రాసెసర్‌ను కంప్యూటర్ మీదే అనుకరించే క్యూఈఎంయూ కోసం ఉన్న ఆర్మ్64 డెఫ్‌కాన్ఫిగ్‌ను నిర్మించి నడపండి. క్రాస్ కంపైలర్, సోర్స్ అమరిక రెండూ దానితో అలవడతాయి.

మొదటి ప్రయత్నంలో ప్రాంప్ట్ ఆశించకండి. యూ-బూట్ మొదలయ్యే స్టార్ట్.ఎస్ ఫైలు తొలి వరుసల్లోనే ఒక జీపీఐఓ పిన్నును పైకెత్తి ఎల్ఈడీ వెలిగించండి. అది వెలిగితే హెడర్ సరైనదని, రోమ్ మన కోడును నమ్మి దాని చేతికి పగ్గాలిచ్చిందని అర్థం. ఆ ఒక్క వెలుగు దగ్గర ఒక రోజంతా గడిచినా తొందరపడవద్దు.

తర్వాతి మెట్టు డీబగ్ యూఆర్ట్, అంటే సీరియల్ కేబులు మీదుగా అక్షరాలు పంపడం. యూ-బూట్‌లోని ఈ సదుపాయానికి డివైస్ ట్రీ (బోర్డు మీది పరికరాల వివరణ) అక్కర్లేదు, డ్రైవర్ మోడల్ అక్కర్లేదు. బేస్ చిరునామా, క్లాక్ వేగం ఇస్తే చాలు. యూఆర్ట్ 16550 రకానిదై, దానికి 24 మెగాహెర్ట్జ్ క్లాక్ వస్తుంటే, 115200 బాడ్‌కు డివైజర్ 24000000ను 16తోనూ 115200తోనూ భాగిస్తే వచ్చే 13. తెరమీద అక్షరాలకు బదులు చెత్త కనిపిస్తే సంతోషించండి: పిన్‌మక్స్ (ఏ పిన్ను ఏ పని చేయాలన్న ఎంపిక) సరిగ్గా ఉంది, క్లాక్ అంచనా మాత్రమే తప్పింది. టెర్మినల్ వేగాన్ని 230400కు మార్చగానే స్పష్టంగా చదవగలిగితే అసలు క్లాక్ 48 మెగాహెర్ట్జ్ అన్నమాట. బోర్డు నిర్ణీత వ్యవధికొకసారి తనంతట తానే రీసెట్ అవుతుంటే వాచ్‌డాగ్‌ను (గడువులోగా పలకరించకపోతే రీసెట్ చేసే టైమర్‌ను) అనుమానించండి, కొన్ని రోమ్‌లు దాన్ని నడుస్తుండగానే వదిలేస్తాయి.

కోడు ఎక్కడ పెట్టాలి

పవర్‌పీసీ కోసం పుట్టిన పీపీసీబూట్ 2002లో యూ-బూట్‌గా పేరు మార్చుకుంది. అప్పటినుంచి ఎన్నో ఆర్కిటెక్చర్లు చేరాయి గనుక సోర్స్ అమరికలో విభజన కచ్చితంగా ఉంటుంది. చిప్పుకు సంబంధించినది ఆర్చ్ కింద ఆర్మ్‌లో, మాక్ అని మొదలయ్యే కొత్త డైరెక్టరీలోకి వెళ్తుంది. బోర్డుకు సంబంధించినది బోర్డ్ డైరెక్టరీలోకి, ఎంపికల పట్టిక డెఫ్‌కాన్ఫిగ్‌గా కాన్ఫిగ్స్‌లోకి, పరికరాలను నడిపే కోడు డ్రైవర్స్‌లోకి వెళ్తాయి. ఒక రిజిస్టర్ విలువ మరో బోర్డులో మారుతుందా లేదా అన్నదే ఎటు పెట్టాలో తేల్చే పరీక్ష. మీ సంస్థ బోర్డు ఒక్కటే కదా అని అంతా బోర్డ్ ఫైలులో కుక్కితే, రెండో బోర్డు వచ్చిననాడు మళ్లీ మొదటినుంచి రాయవలసి వస్తుంది.

యూ-బూట్ తొలి సన్నాహాలు చేసుకునే బోర్డ్_ఇనిట్_ఎఫ్ దశలో కోడు రాసేటప్పుడు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి అవసరం. రీలొకేషన్‌కు ముందు, అంటే యూ-బూట్ తనను తాను డీడీఆర్ పైభాగానికి మార్చుకోకముందు, బీఎస్ఎస్ (తొలి విలువ ఇవ్వని గ్లోబల్, స్టాటిక్ వేరియబుళ్ల ప్రాంతం) వాడకూడదు. ఆ దశలో సమాచారం దాచుకోవడానికి ఉన్నది జీడీ అనే గ్లోబల్ డేటా నిర్మాణం, స్టాక్ మాత్రమే. నేను ఒకసారి ఎన్నిసార్లు ప్రయత్నించామో లెక్కించడానికి ఆ దశలో ఒక స్టాటిక్ వేరియబుల్ పెట్టాను. కోడు తప్పులేకుండా కంపైల్ అయింది, కాని బూట్ మధ్యలో డివైస్ ట్రీ చెల్లదన్న సందేశం వచ్చి ఆగింది. రెండు రోజులు డివైస్ ట్రీనే వెతికాను. అసలు కారణం, ఇమేజి చివర అంటించిన డివైస్ ట్రీ సరిగ్గా బీఎస్ఎస్ చిరునామాల్లోనే కూర్చుని ఉండటం. నా లెక్కింపు దాని మొదటి బైట్లను చెరిపేసింది.

డీడీఆర్‌ను మేల్కొలపడం

మొత్తం పనిలో ఎక్కువ కాలం తీసుకునేది ఇదే. ముందు క్లాక్‌లను పుట్టించే పీఎల్ఎల్‌లు స్థిరపడాలి, తర్వాత డీడీఆర్ కంట్రోలర్‌కు టైమింగ్ విలువలు ఇవ్వాలి, ఆపై భౌతిక పొర శిక్షణ (మెమరీ తీగల మీది సంకేతాల సమయాలను సరిచేసుకోవడం) జరగాలి. టైమింగులను మెమరీ చిప్పు డేటాషీట్ నుంచి నానోసెకన్లలో తీసుకుని క్లాక్ చక్రాల్లోకి మార్చుకోవాలి, భిన్నం వస్తే పైకే సవరించుకోవాలి. కొందరు తయారీదారులు ఈ దశకు సోర్స్ ఇవ్వక బైనరీ మాత్రమే ఇస్తారు. దానితో బోర్డు లేస్తుంది గాని, మెమరీ చిప్పు మార్చవలసి వచ్చినప్పుడు వారి దయమీద ఆధారపడాలి. ప్రాసెసర్‌ను ఎంచుకునే రోజునే ఈ విషయం అడిగి తెలుసుకోమని నా గట్టి సలహా.

శిక్షణ ముగిసిందని స్టేటస్ బిట్ చెప్పినంత మాత్రాన మెమరీని నమ్మవద్దు. క్యాష్‌లు ఆపి ఉంచి, మొదట డేటా తీగలను పరీక్షించండి: ఒకే చిరునామాలో ఒక్కొక్క బిట్‌ను మాత్రమే 1 చేస్తూ రాసి చదవండి. తర్వాత చిరునామా తీగలు: రెండు ఘాతాలైన దూరాల్లో వేర్వేరు విలువలు రాసి, ఒకచోట రాసినది మరోచోట కనిపిస్తుందేమో చూడండి. గెట్_ర్యామ్_సైజ్ ఫంక్షన్ మెమరీ పరిమాణాన్ని కనిపెట్టేదీ ఇదే సూత్రంతో. ఆ తర్వాతే ఎంటెస్ట్ ఆదేశంతో మెమరీ అంతటినీ గంటల తరబడి పరీక్షించండి.

ఈ పరీక్షను ఏసీ గదిలో చేసి వదిలేయకూడదు. హైదరాబాద్‌లో మే నెలలో బయటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో, మూసిన డబ్బాలో ఉన్న బోర్డు మీది మెమరీ చిప్పు వేడి అంతకు ఎంతో పైన ఉంటుంది. డీడీఆర్3, డీడీఆర్4 చిప్పుల పైభాగపు ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ వ్యవధిని 7.8 మైక్రోసెకన్ల నుంచి 3.9కి తగ్గించాలి. ఆ అమరిక లేని బూట్‌లోడర్ జనవరిలో చక్కగా పనిచేసి, వేసవిలో కెర్నల్ పానిక్‌లకు కారణమవుతుంది; అప్పుడు అందరూ కెర్నల్‌నే తప్పుపడతారు.

పూర్తి యూ-బూట్, కెర్నల్ అప్పగింత

డీడీఆర్ నిలిచాక మిగతా దారి సులభం. డివైస్ ట్రీని లినక్స్‌లో ఉన్నదాని నుంచే తీసుకోండి. యూ-బూట్‌కు మాత్రమే కావలసిన చేర్పులను ప్రత్యేకమైన డీటీఎస్ఐ ఫైలులో ఉంచండి. రీలొకేషన్‌కు ముందే అవసరమైన నోడ్లకు బూట్‌పీహెచ్-ఆల్ గుర్తు పెట్టడం మరిచిపోతే సీరియల్ డ్రైవర్ ఉన్నా కన్సోల్ రాదు. డ్రైవర్లను క్లాక్, పిన్‌కంట్రోల్, సీరియల్, టైమర్, ఎంఎంసీ (ఎస్‌డీ కార్డును నడిపేది) అనే వరుసలో రాయడం మంచిది. టైమర్ సరిగా లేకపోతే ఎంఎంసీ డ్రైవర్ ఎదురుచూపులన్నీ తప్పుతాయి, దోషం మాత్రం కార్డుమీద పడుతుంది.

ఆర్మ్64లో ఎంఎంయూ (ప్రాసెసర్‌లో మెమరీ చిరునామాలను చూసుకునే విభాగం) కోసం మెమరీ పటం కూడా ఇవ్వాలి. పెరిఫెరల్స్ ఉన్న ప్రాంతాన్ని డివైస్ రకంగా, డీడీఆర్‌ను సాధారణ మెమరీగా గుర్తించండి. చాలా ఆర్మ్64 చిప్పుల్లో ఎస్‌పీఎల్ ముందుగా ట్రస్టెడ్ ఫర్మ్‌వేర్‌ను దింపుతుంది, అది సెక్యూర్ పనులు ముగించి యూ-బూట్‌కు దారి ఇస్తుంది. రీలొకేషన్ తర్వాత యూ-బూట్ డీడీఆర్ పైభాగానికి మారిపోతుంది గనుక, జీడీబీ డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్లు పనిచేయాలంటే బీడీఇన్ఫో ఆదేశం చూపే రీలొకేషన్ చిరునామాతో సింబల్ ఫైలును మళ్లీ చేర్చాలి.

ప్రాంప్ట్ వచ్చి, బూటీ ఆదేశంతో కెర్నల్ లేచాక, మార్పులను యూ-బూట్ ప్రాజెక్టుకు ఒకే ముద్దగా కాక విడివిడి ప్యాచ్‌లుగా పంపండి: హెడర్ ఒకటి, క్లాక్ డ్రైవర్ ఒకటి, చిప్పు మద్దతు ఒకటి, బోర్డు ఒకటి. ప్రతి ప్యాచ్ తర్వాత కూడా నిర్మాణం పూర్తికావాలి. కోడు శైలిని పరీక్షించే చెక్‌ప్యాచ్ నడపండి, మెయింటైనర్స్ ఫైలులో మీ పేరు చేర్చండి. యూ-బూట్ విడుదలలు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో వస్తాయి. కొత్త కోడును తీసుకునే మెర్జ్ విండో విడుదల అయిన వెంటనే తెరుచుకుంటుంది కాబట్టి, సమీక్షకు పట్టే వారాలను లెక్కలో పెట్టుకుని అంతకంటే ముందే పంపండి.