గుండె, ఊపిరితిత్తులు – 3వ పాఠం: కొండెక్కి దిగే రక్తం

పోయిన పాఠంలో పక్కటెముకలు లెక్కపెట్టమన్నాను, పెట్టారా? లేకపోతే ఇప్పుడే కానీయండి, రెండు నిమిషాల పని. గొంతు కింద గుంటలో వేలు పెట్టి మెల్లగా కిందికి జార్చితే నాలుగైదు సెంటీమీటర్ల తర్వాత రొమ్ము ఎముక మీద అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది, దాని పక్కనున్నది రెండో పక్కటెముక, దాని కిందిది రెండో సందు. అక్కడి నుంచి ఎడమవైపు దిగుతూ అయిదో సందులో, కాలర్ బోన్ మధ్యకు సరిగ్గా కింద, వేళ్లు ఆనించండి. కొట్టుకుంటోందా? అది గుండె మొన. తగలకపోతే టెన్షన్ వద్దు, ఎడమకు ఒరిగి పడుకుని చూడండి, అప్పటికీ కొందరికి తగలదు.

మొన అక్కడ తగులుతుంది కాబట్టి గుండంతా ఎడమనే అనుకుంటాం. ఇంటర్‌లో నేనైతే బొమ్మలో దాన్ని చంక దాకా జరిపేసి సున్నా తెచ్చుకున్నాను. అది రొమ్ము ఎముక వెనకే, రెండు ఊపిరితిత్తుల మధ్య ఉండి, మూడింట రెండు వంతులు ఎడమకు ఒరుగుతుంది. దానికి చోటివ్వాలి కదా, అందుకే ఎడమ ఊపిరితిత్తి రవంత చిన్నది. కుడిదానికి మూడు తమ్మెలు (అంటే భాగాలు), దీనికి రెండే.

ఇక అందరూ తప్పే చోటు. ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం అని బట్టీ పట్టి ఉంటే చెరిపేయండి. మన ఊరే తీసుకుందాం: గుండె తిరుపతి, ఊపిరితిత్తులు తిరుమల. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం కుడి కర్ణికలో (గుండె పై గది) దిగి, కుడి జఠరికలోకి (కింది గది) పోయి, ఎక్కే ఘాట్ రోడ్డు పడుతుంది. అదే పుపుస ధమని (పుపుసం అంటే ఊపిరితిత్తే). పైన తలనీలాలు ఇచ్చినట్టు కార్బన్ డయాక్సైడ్ వదిలేసి, లడ్డూ అందుకున్నట్టు ఆక్సిజన్ తీసుకుని, దిగే దారిలో ఎడమ కర్ణికకు వస్తుంది. ఇవి పుపుస సిరలు, కాకపోతే మన దిగే రోడ్డులా ఒకటి కాదు, మామూలుగా నాలుగు. రోడ్డుకు పేరు బస్సులో జుట్టున్నోళ్లున్నారా గుండున్నోళ్లున్నారా అని పెట్టలేదు కదా, ఎటు పోతుందో చూసే పెట్టారు. ఇక్కడా అంతే: గుండె నుంచి బయటికి పోయేది ధమని, గుండెకు వచ్చేది సిర.

ఎడమ కర్ణిక నుంచి ఎడమ జఠరిక, అక్కడి నుంచి మహాధమని, ఆపైన ఒళ్లంతా. కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమది కాలి బొటనవేలి దాకా తొయ్యాలి, అందుకే దాని గోడ దాదాపు మూడింతలు మందం. ఊరికే కూర్చున్నప్పుడు కూడా దెబ్బకు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి సుమారు 5 లీటర్లు తోస్తుంది, అంటే మీ ఒంట్లో ఉన్న రక్తం దాదాపు అంతా!

ఈ వారం పని: కాలి బొటనవేలి నుంచి బయల్దేరిన ఒక్క రక్తపు బొట్టు మళ్లీ అక్కడికే చేరేదాకా మజిలీలన్నీ పుస్తకం చూడకుండా రాయండి. కర్ణికకూ జఠరికకూ మధ్య, జఠరికకూ ధమనికీ మధ్య రవంత ఖాళీ వదలండి, వచ్చే పాఠంలో నాలుగు కవాటాలను (రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపులను) అక్కడే బిగిద్దాం.