హౌస్ బేస్‌లైన్: స్వరం పొడవు చూడండి

హౌస్ (ఒక రకం ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం) ట్రాక్‌లో బేస్, కిక్ (డ్రమ్ లోతైన దెబ్బ) కలిసిపోయి ముద్దగా వినిపిస్తుంటే ఈక్వలైజర్ జోలికి వెళ్లేముందు స్వరాల పొడవు చూడండి. నాలుగు బీట్ల బార్‌ను పదహారు గడులుగా చేసిన గ్రిడ్‌లో కిక్ 1, 5, 9, 13లో పడుతుంది. బేస్‌ను 3, 7, 11, 15లో పెట్టి, ఒక్కో స్వరాన్ని తర్వాతి కిక్‌కు కాస్త ముందే ఆపేయండి. 124 బీపీఎం (నిమిషానికి బీట్లు) దగ్గర ఒక గడి సుమారు 121 మిల్లీసెకన్లు. గడిన్నర పొడవు చాలు. సింథ్‌లో రిలీజ్ (స్వరం ఆపాక శబ్దం ఆగిపోవడానికి పట్టే సమయం) ఎక్కువగా ఉంటే గ్రిడ్‌లో ఎంత కత్తిరించినా తోక మిగులుతుంది, దాన్నీ తగ్గించండి. సైడ్‌చెయిన్ (కిక్ పడినప్పుడల్లా బేస్ శబ్దాన్ని తగ్గించే పద్ధతి) ఆ తర్వాతే, అదీ అవసరమైతేనే.

ఊపు కోసం 16వ గడిలో తక్కువ వెలాసిటీతో (స్వరాన్ని నొక్కే బలం), ఒక ఆక్టేవ్ పైన చిన్న స్వరం వేయండి.

అన్నట్టు, 55 హెర్ట్జ్ స్వరం ల్యాప్‌టాప్ స్పీకర్లలో దాదాపు వినిపించదు. కొద్దిగా శాచురేషన్ (ధ్వనిని కాస్త వక్రీకరించే ఎఫెక్ట్) ఇస్తే 110, 165 హెర్ట్జ్ హార్మోనిక్స్ (అదే స్వరపు రెట్టింపు, మూడు రెట్ల పౌనఃపున్యాలు) పైకి వస్తాయి.