వెంపలి అనుకుని కోసింది వెంపలేనా? తేడా ఎక్కడ చూడాలి

మొక్క పేరు చెప్పమని ఎవరు ఫొటో పంపినా ఆకుదే పంపుతారు. "ఇది వెంపలేనా, నూగు వెంపలా, నీలి మొక్కా?" అని అడుగుతారు. కాయ ఫొటో పెట్టమంటే "కాయ చూడలేదండీ" అంటారు. ఈ మూడింటికీ ఆకులు పోలి ఉంటాయి, కాయలు మాత్రం పోలవు. మొక్క మీద కాయ ఉంటే ముందు దాన్ని చూడండి. సగం తికమక అక్కడే తీరిపోతుంది.

సమస్య: ఆకు లాగితే బాణంలా చీలలేదు

చిట్టి ఆకును రెండు కొసలా పట్టుకుని లాగితే వెంపలి ఆకు 'వి' అక్షరంలా చీలుతుంది. పక్క ఈనెలు దగ్గర దగ్గరగా, ఏటవాలుగా అంచుదాకా పోతాయి కాబట్టి చీలిక వాటి వెంటే నడుస్తుంది. చీలిన ముక్క బాణం వెనక కట్టిన ఈకల్లా ఉంటుంది. సంస్కృతంలో శరపుంఖ అన్న పేరు అందుకే వచ్చింది. అడ్డదిడ్డంగా తెగితే మీ చేతిలో ఉన్నది చాలావరకు నీలి మొక్కే.

రూఢి చేసుకోవడానికి పూలగెల ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. నీలికి ఆకు కాండానికి అతికిన మూలలోంచి వస్తుంది, వెంపలికి ఆకుకు ఎదురు వైపు నుంచి వస్తుంది. నీలి కాయ సన్నగా, గుండ్రటి పుల్లలా ఉంటుంది. వెంపలి కాయ బల్లపరుపుగా ఉంటుంది.

సమస్య: ఆకు బాణంలాగే చీలింది, అయినా మొలిచింది వేరే మొక్క

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మామిడి తోటలో పచ్చిరొట్టకు విత్తనం కావాలని గుట్ట అంచున వెంపలి కాయ కోశాను. ప్రతి మొక్క దగ్గరా ఆకు లాగి చూశాను. అన్నీ చక్కగా 'వి'లా చీలాయి. అంతా ఒకే గోతంలో పోసి, ఎండబెట్టి, కర్రతో కొట్టి తూర్పారబట్టాను. తర్వాతి వానలకు చల్లితే పచ్చటి వెంపలి మధ్య వెండిరంగు మొక్కలు గుంపులుగా లేచాయి. అవి నూగు వెంపలి. మా తోటలో రొట్ట అనుకున్నంత రాలేదు.

ఆకు చీలిక పరీక్షలో తప్పు లేదు, దాన్నుంచి రాబట్టాల్సిన దానికంటే ఎక్కువ రాబట్టాను. వెంపలి, నూగు వెంపలి రెండూ టెఫ్రోసియా ప్రజాతివే, అంటే ఒకే కుదురు మొక్కలే. 1807లో పెర్సూన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రెండింటినీ ఆ పేరు కిందికే తెచ్చాడు. ఆకు రెండింటికీ ఒకేలా చీలుతుంది. అంటే ఈ పరీక్ష ఇంటిపేరు చెబుతుంది, మనిషి పేరు చెప్పదు.

ఆకు రంగు చూసి తేల్చేద్దామన్నా మోసపోతాం. అసలు టెఫ్రోసియా అనే మాటే బూడిదరంగు అన్న అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. అసలు వెంపలిలోనే నూగు ఒక్కో మొక్కకు ఒక్కోలా ఉంటుంది. గరుకు నేలలో, ఎండలో పెరిగిన వెంపలి కూడా బూడిద రాసినట్టు కనబడుతుంది. దాన్ని నూగు వెంపలి అనుకుని వదిలేసిన వాళ్లూ నాకు తెలుసు.

కాబట్టి కాయను చేతిలోకి తీసుకోండి. వెంపలి కాయ 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటుంది, చివర కాస్త పైకి వంగుతుంది. పైన నూగు ఉన్నా పలచగా, కాయకు అంటుకుని ఉంటుంది. నూగు వెంపలి కాయ మీద మెత్తటి తెల్లటి నూగు దట్టంగా కప్పి ఉంటుంది, వేలితో రాస్తే పిల్లి చెవి తగిలినట్టుంటుంది. కాయ లేకపోతే పువ్వు కింద ఉండే పచ్చటి గిన్నెను భూతద్దంలో చూడండి. వెంపలికి దాని అంచు పళ్లు పొట్టిగా ఉంటాయి. నూగు వెంపలికి అవి పొడుగ్గా, నూగుతో నిండిన దారాల్లా ఉంటాయి.

వెంపలి చెట్టుకు నిచ్చెనలు వేసే కాలం వస్తుందని పెద్దవాళ్లు అనేవాళ్లు. మొక్క అంత పొట్టిది. నిలబడి చూస్తే ఇవేవీ కనబడవు, కింద కూర్చోవాల్సిందే.

ఇంకో మాట. కొట్టాక ఏరుకుందామనుకోకండి. కర్ర దెబ్బలకు కాయ మీది నూగు రాలిపోతుంది, ఇక ఏ విత్తనం ఏదో తేల్చలేరు. మొక్క మీద ఉన్నప్పుడే చూసి, నచ్చిన మొక్కలకు రంగు దారం కట్టండి. కాయ పగలకముందే వాటినే కోయండి.

సమస్య: తెల్ల పువ్వు పూసింది, తెల్ల వెంపలి దొరికిందనుకున్నాను

మందుకోసం తెల్ల వెంపలి వెతికేవాళ్లు ఇక్కడ తొందరపడతారు. నేల మీద పాకుతూ, గెలకు నాలుగైదు పూలే ఉంటే అది టెఫ్రోసియా ప్యుమిలా అనే వేరే మొక్క కావచ్చు. దాని పూలు తెల్లగానూ ఉంటాయి, గులాబీరంగులోనూ ఉంటాయి. 1876లో బేకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీన్ని వెంపలిలోనే ఒక రకంగా లెక్కేశాడు, అంత దగ్గర పోలిక. కాండం మీద, కాయ మీద నూగు పైకి నిక్కబొడుచుకుని ఉందేమో చూడండి. ఉంటే ప్యుమిలానే. నిటారు మొక్క, అంటుకున్న పలచటి నూగు, తెల్ల పువ్వు మూడూ కలిస్తేనే తెల్ల వెంపలి అనండి. ఈ ప్రజాతిలో చాలా మొక్కల్లో చేపలను మత్తెక్కించే రొటెనాయిడ్లు అనే విష పదార్థాలు ఉంటాయి, ఒకదాని బదులు ఇంకోటి కషాయంలో వేయకండి.

సంకరం అయ్యుంటుందా అని కొందరు అడుగుతారు. ఇన్నేళ్లలో నా దగ్గరికి అలా వచ్చినవన్నీ కాయ చూడని మొక్కలే.