గుమ్మం దగ్గర థర్మామీటర్

మా ఇంట్లోనే డే కేర్ నడుపుతాను, పగలు ఏడుగురు పిల్లలుంటారు. ఎనిమిదోవాడు మావాడు. హైదరాబాద్ నిజాంపేటలో మూడు గదుల ఫ్లాటు మాది. హాలూ దాన్నానుకున్న గదీ పిల్లలవి, వెనక గది మాది. మూడోది మొదట్లో సూట్‌కేసులకీ పాత పరుపులకీ ఉండేది, ఇప్పుడు దాన్ని జ్వరం గది అంటాం. అది ఎందుకు ఖాళీ చేయాల్సొచ్చిందో ముందు చెప్తాను.

డే కేర్ పెట్టిన మొదటి ఏడాది, ఆగస్టులో ఒక సోమవారం. రెండేళ్ల పాపని వాళ్లమ్మ ఎనిమిదిన్నరకి దింపి, "రాత్రి కాస్త ఒళ్లు వెచ్చబడిందక్కా, ఇప్పుడు బానే ఉంది" అని లిఫ్ట్ తలుపు మూసుకుంటుండగా అంది. పాప నోటి దగ్గర స్ట్రాబెర్రీ వాసన. నాకప్పట్లో ఆ వాసన అర్థం తెలీదు. పదకొండు దాకా బ్లాకులు పేర్చుకుంటూ హాయిగా ఆడింది. పన్నెండున్నరకి పప్పన్నం ముద్ద పెట్టబోతే బుగ్గ కాలిపోతోంది. 102.4. మర్నాటికి అరచేతుల్లో, అరికాళ్లలో, నోట్లో పొక్కులు. శనివారానికి ఇంకో నలుగురికి, ఆ తర్వాత మావాడికి. పదకొండు రోజులు మూసేశాను. రెండు కుటుంబాలు వేరే చోటికి వెళ్లిపోయాయి. వాళ్లని తప్పు పట్టను.

ఆ పదకొండు రోజుల్లో నాకు తెలిసొచ్చింది ఒకటే. జబ్బుని ఆపలేం. "ఈరోజు ఉంచుకోవాలా, తిప్పి పంపాలా" అన్న నిర్ణయాన్ని మాత్రం పొద్దున ఎనిమిదిన్నరకి గుమ్మంలో తీసుకోకూడదు. అవతల ఆ అమ్మాయికి తొమ్మిదింటికి మీటింగు, చంకలో పిల్ల, చేతిలో లాప్‌టాప్ బ్యాగు. ఇవతల నాకు మొహమాటం. ఆ మొహమాటమే ఐదుగురికి అంటుకుంది.

అందుకని చేరే రోజే ఒక కాగితం చేతికిస్తాను. తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఒక్క పేజీ. చదివించి సంతకం పెట్టించుకుంటాను. జ్వరం వస్తే, మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే రావాలి. వాంతులు, విరేచనాలైతే చివరిసారి అయ్యాక 48 గంటలు ఆగాలి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా, కళ్లకలక అయితే పుసి కట్టడం ఆగేదాకా ఇంట్లోనే. అరచేతుల పొక్కుల జబ్బుకి జ్వరం పోయి, పొక్కులు ఎండాలి. ఉత్త ముక్కు కారడానికి మాత్రం ఆంక్ష లేదు. ముక్కు కారినవాళ్లని పంపేస్తే మన ఊళ్లో జులై నుంచి ఫిబ్రవరి దాకా నా ఇంట్లో నేనూ, మావాడూ, బ్లాకులూ మిగులుతాం. చీమిడి పచ్చగా మారిందని యాంటీబయాటిక్ అడిగే తండ్రులున్నారు. జలుబు ముదిరి తగ్గే దారిలో చీమిడి పచ్చబడటం మామూలే, రంగుని బట్టి మందు వేయరు.

మీరూ ఇలా డే కేర్ నడుపుతుంటే కాగితంలో డబ్బు సంగతి కూడా రాయండి, సిగ్గుపడొద్దు. పిల్లాడు జబ్బుతో రాని రోజులకి నేను ఫీజు తగ్గించను. మా ఇంట్లో జబ్బు వల్ల నేను మూసేస్తే ఆ రోజుల డబ్బు వచ్చే నెలలో తగ్గిస్తాను. ముందు రెండూ తగ్గించేదాన్ని. ఆ ఆగస్టు ఆయా జీతం మా ఆయన జీతంలోంచి ఇచ్చాం.

తల్లులు అడిగే మొదటి ప్రశ్న, "అక్కా, మావాడికి ఇమ్యూనిటీ లేదా, నెలకోసారి పడుతున్నాడు?" చిన్నపిల్లలకి ఏడాదికి ఎనిమిది, పది జలుబులు మామూలు లెక్క. ఒక్కోటి వారం, పదిరోజులు ఉంటుంది. అవన్నీ వానాకాలం, చలికాలంలోనే వచ్చిపడతాయి కాబట్టి ఎప్పుడూ జబ్బే అన్నట్టుంటుంది. మొదటి ఏడాది గడ్డు, రెండో ఏడాదికి సగానికి పైగా తగ్గడం నా రిజిస్టర్లోనే కనిపిస్తోంది. ఇంటిపట్టున పెరిగినవాళ్లు బడిలో చేరిన ఏడాది పడతారు, అంతే తేడా. బరువు పెరగకపోయినా, మాటిమాటికీ న్యుమోనియా వచ్చినా అది వేరే సంగతి, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

చేరే రోజే టీకాల కార్డు జిరాక్స్ తీసుకుంటాను. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోటి, రెండూ పడ్డాయా అని చూస్తాను. ప్రభుత్వం ఉచితంగా వేసేవాటిలో ఆటలమ్మ, గవదబిళ్లలు, ఫ్లూ లేవు. అవి పిల్లల డాక్టర్ని అడిగి వేయించుకోమంటాను. వానలకి ముందు ఫ్లూ సూది నేనూ ఆయా కూడా వేయించుకుంటాం. నేను పడితే ఏడిళ్ల ఆఫీసులు ఆగుతాయి మరి.

ఇక గుమ్మం. చెప్పుల స్టాండు మీద డబ్బాలో థర్మామీటర్ ఉంటుంది. ప్రతి పిల్లకీ, ప్రతి పొద్దునా, చంకలో పెట్టి చూస్తాను. అందరికీ చూస్తే ఎవరికీ అవమానం ఉండదు. చంకలో 100 దాటితే వెనక్కి. నుదుటి మీద చేయి పెట్టి చూడటం మానేశాను, మండుటెండలో స్కూటర్ మీద వచ్చిన పిల్ల నుదురు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. "జ్వరం ఉందా?" అని అడగను. "పొద్దున మందు ఎన్నింటికి వేశారమ్మా?" అని అడుగుతాను. మొదటి ప్రశ్నకి అందరూ లేదనే అంటారు. రెండోదానికి నోరు జారి "ఏడింటికి" అనేస్తారు. ఏడింటికి వేసిన పారాసిటమాల్ పదకొండు, పన్నెండుకల్లా దిగిపోతుంది. సరిగ్గా నా అన్నాల వేళకి.

ఆ జ్వరం సిరప్ స్ట్రాబెర్రీ వాసన ఇప్పుడు రెండడుగుల దూరం నుంచి పట్టేస్తాను. అయినా తిట్టను. తిడితే రేపట్నుంచి నోరు కడిగి పంపుతారు.

మందుల దగ్గర నేను మొండిదాన్ని. సీసా మీద పిల్ల పేరు, ఎంత, ఎన్నింటికి అని తల్లి రాసి ఇస్తేనే వేస్తాను. వేసిన టైము నోటుపుస్తకంలో ఎక్కిస్తాను. పారాసిటమాల్ అన్ని సీసాలూ ఒకటి కావు. ఒక సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 125 మిల్లీగ్రాములుంటే ఇంకోదాంట్లో 250 ఉంటుంది. చుక్కల మందులో ఒక్క ఎం.ఎల్.కే 100. మోతాదు కిలో బరువుకి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లకి 150 అన్నమాట. అంటే మొదటిది 6 ఎం.ఎల్., రెండోది 3, చుక్కలైతే ఒకటిన్నర. ఒక తండ్రి పాత సీసా అయిపోయిందని కొత్తది కొని, పాత చీటీ దానికే అంటించి పంపాడు. చీటీ చూసి పోస్తే రెండింతలు పడేది. ఆరోజు లేబుల్ చదివాను కాబట్టి సరిపోయింది. మోతాదుకీ మోతాదుకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఉండాలి, రోజుకి నాలుగుసార్లు దాటకూడదు. డెంగ్యూ కాలంలో ఐబుప్రొఫెన్ ఉన్న సిరప్ పంపితే తిప్పి పంపేస్తాను, రక్తస్రావం భయం ఉంటుంది.

దగ్గు సిరప్ అసలు ముట్టను. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పసివాళ్లు చనిపోయాక, రెండేళ్లలోపు వాళ్లకి దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్లలోపు వాళ్లకి మామూలుగా వద్దనీ కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. నా దగ్గర ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలున్నాయి, ఏడాది దాటినవాళ్లకి చెంచా తేనె ఉంది. ఏడాదిలోపు పిల్లలకి తేనె పొరపాటున కూడా నాకించొద్దు. నాన్నమ్మలు వింటే కోప్పడతారు, కోప్పడనివ్వండి.

విరేచనాలకి ఒకప్పుడు తల్లులు టెట్రా ప్యాకులు పంపేవారు, మీద ఓఆర్ఎస్ అని రాసి ఉండేది. లోపల చక్కెర నీళ్లు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దాని మీద ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. నేను మందుల షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న పొడి ప్యాకెట్టే కొంటాను. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, సగం ప్యాకెట్ ఒక గ్లాసులో అని కళ్లతో కొలవకూడదు. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి. తల్లి వచ్చేదాకా చెంచాతో కొంచెం కొంచెం పట్టిస్తాను. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలు. ఇడ్లీ, మజ్జిగన్నం ఆపను.

శానిటైజర్ సీసా చూసి తల్లిదండ్రులు మురిసిపోతారు గానీ, విరేచనాల వైరస్‌ల మీదా, ఆ పొక్కుల జబ్బు మీదా అది అంతగా పనిచేయదు. సబ్బూ పారే నీళ్లే గతి. వంట చేసిన రోజు డైపర్లు నేను ముట్టను, ఆయా మారుస్తుంది. ఆయాకి వంట పడ్డరోజు నేను. డైపర్ మార్చే చోటు వాష్ ఏరియాలో, వంటింటికి దూరంగా. ప్రతి పిల్లకీ వేరే తువ్వాలు, వేరే కొక్కెం. కొక్కెం పైన ఒకరికి పిల్లి, ఒకరికి బస్సు బొమ్మ. చదవడం రానివాళ్లు కూడా వేరేవాళ్ల తువ్వాలు తీసుకోరు. వాంతి అయిన చోట ముందు సబ్బుతో తుడిచి, తర్వాత లీటరు నీళ్లలో 20 ఎం.ఎల్. బ్లీచ్ కలిపి పది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో తుడుస్తాం. నేను వాడే బ్లీచ్ ఐదు శాతంది, మీ సీసా మీద ఎంతుందో చూసుకోండి. దాన్ని బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో కలపకండి, విషవాయువు పుడుతుంది. రెండూ ఒకే అలమరలో కూడా పెట్టను. గుడ్డబొమ్మలన్నీ తీసేశాను. ఎలుగుబంటి కోసం ఒకడు వారం ఏడ్చాడు.

డెంగ్యూ దోమ పగలు కుడుతుంది. పిల్లలు మన దగ్గర నిద్రపోయేది పగలే. ఈ రెండూ కలిపి ఆలోచించడానికి నాకు రెండేళ్లు పట్టింది. మధ్యాహ్నం నిద్రకి గొడుగు దోమతెరలు వేస్తాను. ఆదివారం కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా ఖాళీ చేస్తాను.

పగలు మధ్యలో జ్వరం వచ్చిన పిల్లని జ్వరం గదిలో పెట్టాక, తల్లి వచ్చేలోపు నేను చూసేది జ్వరం అంకె కన్నా ఊపిరి. చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. ఏడాదిలోపు పిల్లకి 50, ఏడాది దాటితే 40కి చేరినా, డొక్కలు ఎగరేస్తున్నా ఇక తల్లి కోసం ఎదురుచూడకూడదు, ఆసుపత్రికే. ఆరు గంటలుగా డైపర్ తడవకపోయినా, లేపితే లేవకపోయినా అంతే.

ఒకసారి జ్వరంలో ఒక బాబుకి ఫిట్స్ వచ్చాయి. పక్క ఫ్లాటు పెద్దావిడ తాళాలగుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, చేతిలో పెట్టడానికి. ఆవిడ ప్రేమ నాకు తెలుసు, తాళాలు పక్కన పెట్టించాను. పిల్లాడిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108. ఆరోజు రెండు నిమిషాల్లో ఆగిపోయింది, నాకు మాత్రం రెండు గంటలనిపించింది. ఐదేళ్లలోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఇలాంటి ఫిట్స్ చాలావరకు హాని చేయవని డాక్టర్ తర్వాత చెప్పారు. ఆ ముక్క తల్లికి ఫోన్లో చెప్పడానికి అప్పుడు నాకు గొంతు లేదు.

అన్నిటికన్నా కష్టం మావాడు పడ్డప్పుడు. వేరేవాళ్ల పిల్లలకి పెట్టిన నియమం మన పిల్లకీ ఉండాలి కదా. ఉత్త జ్వరమైతే వాడూ వాళ్ల నాన్నా లోపలి గదిలో. మా ఆయన సెలవుల్లో ఆరు రోజులు దీనికని జనవరిలోనే పక్కన పెట్టుకుంటాం. అంతకు మించితే అమ్మ తెనాలి నుంచి రాత్రి రైలెక్కుతుంది. వాంతులో విరేచనాలో అయితే ఇల్లే మూత, బాత్రూములు రెండే ఉన్నాయి. తలుపవతల "అమ్మా" అని వాడు ఏడుస్తుంటే ఇవతల ఇంకెవరి పిల్లకో ముద్ద పెట్టడం ఉంది చూశారూ, దానికి చిట్కా నా దగ్గర లేదు. ఒంటిగంటకి పిల్లలు నిద్రపోగానే చేతులు కడుక్కుని, నైటీ మార్చుకుని, గంటసేపు వాడి పక్కన పడుకుంటాను. ఆ గంట ఎవరు ఫోన్ చేసినా ఎత్తను.

తల్లిదండ్రులకి దాచను. పొద్దున ఆరున్నరకల్లా గ్రూపులో మెసేజ్ పెడతాను: "మావాడికి రాత్రి నుంచి జ్వరం, 101. లోపలి గదిలో వాళ్ల నాన్న దగ్గర ఉన్నాడు. డే కేర్ తెరుస్తాను. పంపాలా వద్దా మీ ఇష్టం, పంపకపోతే ఈరోజు ఫీజు తగ్గిస్తాను." ఆరున్నరకి పెడితే ఇద్దరు ముగ్గురు ఇంటి నుంచి పని చేస్తామని ఆఫీసుకి చెప్పుకుంటారు, మిగతావాళ్లు పంపుతారు. ఒకసారి ఎనిమిదింటికి పెట్టాను. అప్పటికే ముగ్గురు లిఫ్టులో ఉన్నారు.