కలెక్టరేట్‌కో కోర్టుకో బయల్దేరే ముందు మీ మండలం ఏ జిల్లాలో ఉందో చూస్కోండి

మనోళ్లు ఇంకా ఎవరడిగినా "మాది వరంగల్ జిల్లా" అనే అంటరు, పాత అలవాటు. కానీ ఆఫీసు పని పడ్డప్పుడు ఆ మాట సరిపోదు, పొద్దున్నే బస్సెక్కి వచ్చి గంటలు లైన్ల నిలబడ్డంక "మీది ఇక్కడ కాదమ్మా, ఆ జిల్లా" అంటే ఆ రోజు కూలి పోయినట్టే. ముసలోళ్లు అట్ల తిరుగుతుంటే చూడబుద్ధి కాదు, అందుకే ఇది రాస్తున్న.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్‌ని విడగొట్టి అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చేసిన్రు, 2019ల ములుగు వేరే జిల్లా అయింది. మళ్ల 2021 ఆగస్టుల అర్బన్ పేరు హన్మకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. అప్పుడు పేర్లొక్కటే మారలే, మండలాలు కూడా అటిటు అయినయ్. పరకాల, ఆత్మకూరు, దామెర, శాయంపేట, నడికూడ హన్మకొండలకి వచ్చినయ్, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాలకి పోయినయ్. నర్సంపేట, వర్ధన్నపేట, రాయపర్తి, పర్వతగిరి, సంగెం, గీసుగొండ వైపు వరంగల్ జిల్లా. కాజీపేట, హసన్‌పర్తి, ధర్మసాగర్, ఐనవోలు వైపు హన్మకొండ. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హన్మకొండ.

కాబట్టి మొదలు మీ మండలం పేరు ఖాయం చేస్కోండి. ఆధార్ మీద జిల్లా పాతది ఉండొచ్చు, దాన్ని నమ్ముకోవద్దు. ఎమ్మెల్యేని బట్టి కూడా జిల్లా లెక్క కట్టొద్దు, ఎందుకంటే వర్ధన్నపేట నియోజకవర్గంల హసన్‌పర్తి ఉంది, అది హన్మకొండ జిల్లా; కమలాపూర్ వాళ్లు ఓటేసేది హుజూరాబాద్‌కి. పోలీసులది ఇంకో లెక్క, వరంగల్ కమిషనరేట్ కిందనే హన్మకొండ, వరంగల్, జనగామ మూడూ వస్తయ్.

కులం, ఆదాయం సర్టిఫికెట్లకు కలెక్టరేట్ దాకా పోవాల్సిన పనే లేదు, మీసేవల అప్లై చేస్తే తహసీల్దార్ దగ్గర్నుంచి వస్తది. సాగు భూమి రిజిస్ట్రేషన్ కూడా తహసీల్దార్ ఆఫీసులనే, ప్లాటు, ఇల్లు అయితే సబ్ రిజిస్ట్రార్ దగ్గర. భూమి రికార్డులు, రిజిస్ట్రేషన్ల కోసం 2020ల వచ్చిన ధరణి పోర్టల్ స్థానంల 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. తహసీల్దార్ దగ్గర పని కాకుంటే ఆర్డీవో. హన్మకొండ జిల్లాకు హన్మకొండ, పరకాల, వరంగల్ జిల్లాకు వరంగల్, నర్సంపేట డివిజన్లు. నల్లా, డ్రైనేజీ, ఇంటి పన్ను గొడవలు సిటీల ఉంటే గ్రేటర్ కార్పొరేషన్‌కి, ఊర్ల ఉంటే పంచాయతీ సెక్రటరీకి చెప్పాలె.

ఎక్కడా పని కాకుంటే సోమవారం కలెక్టరేట్‌ల దరఖాస్తులు తీస్కునే ప్రజావాణికి పోవాలె. ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్తున్న: దరఖాస్తు రెండు కాపీలు తీస్కపోండి. పైన మీ ఊరు, మండలం, సర్వే నంబరు, ఫోన్ నంబరు, కింద ఇదివరకు ఏ ఆఫీసుల ఏ తారీఖున ఇచ్చిన్రో రెండు లైన్లు రాయండి, కథంతా వద్దు. ఒకటి లోపల ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తారీఖు, నంబరు వేయించుకోకుండ బయటికి రావద్దు. తర్వాత మీ కాయితం ఎక్కడ ఆగిందో తెల్సుకోవాలంటే ఆ నంబరే ఆధారం, దాన్ని పట్టుకొని ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు వేసినా 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె.

ఇగ కోర్టు. హన్మకొండల అదాలత్ దగ్గర కొత్త కోర్టు బిల్డింగ్ 2021 డిసెంబర్‌ల ఓపెన్ అయింది, 2022 జూన్ 2 నుంచి న్యాయ జిల్లాలు కూడా 33 అయినయ్. అందుకే సమన్లు వస్తే వాయిదా తారీఖు ఒక్కటి చూసి జేబుల పెట్టుకోవద్దు, పైన ఏ జిల్లా, ఏ కోర్టు అని ఉందో, కేసు నంబరు ఎంతో పూర్తిగా చదవండి. భూమి తగాదా అయితే భూమి ఎక్కడుంటే ఆ కోర్టే, మీరు హైదరాబాద్‌ల ఉన్నా సరే. చెక్కు బౌన్స్ అయితే చెక్కు తీస్కున్నాయన అకౌంట్ ఉన్న బ్రాంచి ఏ కోర్టు కిందికొస్తే అక్కడ, దానికి టైం చాలా తక్కువ, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజులల్ల నోటీసు పోవాలె, కాబట్టి ఆయన ఇస్తడులే అని కూసోవద్దు.

కేసు నడుస్తుంటే వకీల్ సాబ్ దగ్గర సీఎన్ఆర్ నంబర్ (ఒక్కో కేసుకు ఉండే ప్రత్యేక నంబరు) అడగండి, 16 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటది. ఈకోర్ట్స్ యాప్‌ల అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, పోయినసారి ఏం జరిగిందో కనబడుతది, ప్రతీసారి ఫోన్ చేసి అడిగే పని ఉండదు.

వకీల్‌ని పెట్టుకునే స్తోమత లేదని కేసు వదిలేసుకునేటోళ్లు మనల చాలామంది ఉన్నరు, అట్ల చేయొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పోతే ఫ్రీగా వకీల్‌ని ఇస్తరు. ఆడోళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయం ఎంతున్నా వర్తిస్తది, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటది. ఫోన్ అయితే 15100. రెండు వైపులా ఒప్పుకుంటే లోక్ అదాలత్‌ల రాజీ చేస్కోవచ్చు, కట్టిన కోర్టు ఫీజు కూడా వాపస్ వస్తది, కాకపోతే దాని మీద మళ్ల అప్పీల్ ఉండదు, సంతకం పెట్టే ముందు రాసింది ఎవరితోనన్నా చదివించుకొని పెట్టండి.