కార్తీక సోమవారం ఉపవాసం ఉంటున్నారా, ముందు మీ టాబ్లెట్లు చూసుకోండి

కార్తీకమాసం వస్తోంది, సోమవారాలు పగలంతా ఏం తినకుండా ఉండి చుక్కలు చూశాకే భోజనం చేసేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉంటారు. మామూలు మనిషికి ఏం కాదు, తిండి ఆగగానే షుగర్ ని తగ్గించే ఇన్సులిన్ తగ్గి, షుగర్ ని పెంచే గ్లూకగాన్, అడ్రినలిన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, అవి లివర్లో ఉన్న వంద గ్రాముల గ్లైకోజన్ ని, అంటే దాచిపెట్టిన షుగర్ ని, కరిగిస్తూ షుగర్ నిలబెడతాయి, పక్కనే కొవ్వూ కరుగుతూ ఉంటుంది. బీపీ, షుగర్ టాబ్లెట్లు వాడేవాళ్ళ దగ్గరే తేడా కొట్టేది.

గ్లిమిపిరైడ్ అనే షుగర్ టాబ్లెట్, మీరు భోజనం చేసినా చేయకపోయినా ఇన్సులిన్ ని బయటికి తోస్తూనే ఉంటుంది, ఇన్సులిన్ ఉన్నంతసేపు గ్లైకోజన్ సరిగ్గా కరగదు, కొవ్వూ కరగదు, షుగర్ పడిపోతుంది. పొద్దున డోసు తగ్గించాలా, రాత్రికి మార్చాలా అని డాక్టర్ ని ముందే అడగండి.

దీంతోపాటు మైగ్రేన్ కో, చేతుల వణుకుకో ప్రొప్రనలాల్ అనే టాబ్లెట్ వాడుతుంటే ఇంకా జాగ్రత్త. అది అడ్రినలిన్ పనికే అడ్డం పడుతుంది కాబట్టి గ్లైకోజన్ కరగడం తగ్గుతుంది, పైగా షుగర్ పడినా గుండె దడ, వణుకు పెద్దగా తెలియవు. చెమట మాత్రం పడుతుంది. గుడిలో దీపాలు పెడుతూ ఆ చలిలో ఒళ్ళంతా చెమట పట్టిందంటే వెంటనే మీటర్ పెట్టి చూడండి, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగి 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. శివుడు ఏమీ అనుకోడు లెండి.

డపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో షుగర్ టాబ్లెట్ ది ఉల్టా కథ, ఉపవాసంలో కొవ్వు మరీ ఎక్కువ కరిగి కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకోవచ్చు, మీటర్లో షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే హాస్పిటల్ కి పోవాల్సిందే.

ఇక రక్తంలో ఉండే పొటాషియం అనే లవణం, రక్తపరీక్షలో 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. ఫ్యూరోసెమైడ్, క్లోర్‌తాలిడోన్ లాంటి మూత్రం ఎక్కువ పోయించే టాబ్లెట్లు మూత్రంలో పొటాషియం పోగొడతాయి, అది బాగా తగ్గితే ఇన్సులిన్ విడుదల మందగించి రాత్రి పులిహోర తిన్నాక షుగర్ ఎగబాకుతుంది. ఆస్తమాకి సాల్బుటమాల్ పీల్చేవాళ్ళకి పొటాషియం ఇంకొంచెం పడుతుంది, పిక్కలు పట్టేయడం, గుండె లయ తప్పడం అందుకే. అలాగని అందరూ కొబ్బరినీళ్ళు తాగేయొద్దు, టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ టాబ్లెట్లు వాడేవాళ్ళకి, కిడ్నీ తేడా ఉన్నవాళ్ళకి పొటాషియం ఇప్పటికే ఎక్కువుండొచ్చు, రెండు మూడు బోండాలు తాగితే గుండెకే ప్రమాదం. మాసం మొదలయ్యే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.

ఉపవాసం కదా అని ప్రొప్రనలాల్ ని మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, బీపీ, గుండె వేగం ఎగిరిపోతాయి.